పాత గోడకు సిమెంటు కొట్టించి తప్పు చేశాను

సంపాదకులకు నమస్కారం.

విజయనగరం కోట దగ్గర సందులో మాది తాతల నాటి ఇల్లు. సున్నంతో కట్టిన ఇటుక గోడలు, టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ కప్పు. మూడేళ్ల కిందట వెనక గోడ పెచ్చులూడుతోందని ఒక మేస్త్రిని పిలిచాను. "పాత సున్నమంతా గీకేసి సిమెంటు కొట్టేద్దామమ్మా, ఇంక చూసుకోనక్కర్లేదు" అన్నాడు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఆ లెక్క మాత్రం తప్పేశాను. రెండు వానాకాలాలు తిరిగేసరికి సిమెంటు అట్టలుగా విడిపోయింది. ఊరికే పోలేదు, ఇటుక పైపొరను కూడా ఊడబెరుక్కుని పోయింది. ఇప్పుడు వేలితో రాస్తే ఇటుక కుంకుమలా రాలుతోంది.

నిరుడు మా అమ్మాయి దగ్గరికి అమెరికాలోని సిన్సినాటి వెళ్లాను. అక్కడ ఓవర్ ది రైన్ అనే పేటలో ఎటు చూసినా పందొమ్మిదో శతాబ్దపు ఇటుక ఇళ్లే. ఎక్కువ భాగం ఇటాలియనేట్ తరహావి. ఇటలీ పల్లెల్లోని భవంతుల పోకడ ఇంగ్లండు మీదుగా అమెరికా చేరిందట. కిటికీలు సన్నగా, నిలువుగా ఉంటాయి. వాటి పైన కమాను, ఆ కమాను మీద కనుబొమలా ముందుకొచ్చిన అంచు. నేను అందానికే అనుకున్నాను. గోడ మీద జారే వాననీటిని కిటికీలోకి రాకుండా పక్కలకు తోసేది అదేనట. చూరు బాగా ముందుకొచ్చి ఉంటుంది. దాని కింద నగిషీ బ్రాకెట్లు, చాలాచోట్ల జంటలుగా. పైకప్పు వాలు ఎంత తక్కువంటే వీధిలోంచి చూస్తే కనపడనే కనపడదు.

ఒక ఇంటికి పరంజా కట్టి ఇటుకల సందులు పూరుస్తున్నారు. నా గోడ గుర్తొచ్చి ఆగిపోయాను. తట్టలో ఉన్నది సున్నం, ఇసుక. సిమెంటు ఎందుకు వాడరని అక్కడి మేస్త్రిని అమ్మాయి చేత అడిగించాను. పాత ఇటుక మెత్తనిది, గోడలోకి చేరిన చెమ్మ సున్నపు సందుల్లోంచి ఆరిపోతుంది, గట్టి సిమెంటు పెడితే ఆ దారి మూసుకుపోయి ఇటుకలోనే నిలుస్తుంది, చలికి గడ్డకట్టి ఇటుకను పగలగొడుతుంది అన్నాడాయన. మనకు మంచు లేదు గానీ, నేలలోంచి చెమ్మతో ఎగబాకే ఉప్పు చేసేదీ ఆ పనే.

గురజాడ వారి ఇంటిని స్మారకంగా నిలుపుకున్నాం, సంతోషం. మాలాంటి మామూలు ఇళ్ల మాటేమిటి? ఇలాంటివి ఇంకా కొన్ని మిగిలాయి. మునిసిపల్ కార్పొరేషన్ వారు తాపీ మేస్త్రిలకు సున్నం పనిలో నాలుగు రోజులు శిక్షణ ఇప్పించాలని కోరుతున్నాను. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు సున్నంలో కలపడం మా నాన్నగారి రోజుల్లో మేస్త్రిలందరికీ తెలిసిన పనే.

మా ముందు గోడ ఇంకా సున్నంతోనే ఉంది. వానలు పడేలోపు దాని సందులు పూరించాలి. వెతగ్గా వెతగ్గా ఆ పని తెలిసిన మేస్త్రి ఒకాయన దొరికారు. ఎనభై దాటాయి, పరంజా ఎక్కలేరు. కింద కుర్చీ వేసి కూర్చోబెడతాను. ఆయన చెబుతుంటే చేసే కుర్రాళ్లు ఇద్దరు కావాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, విజయనగరం