అలీకి 29 ఏళ్లకే వయసైపోయిందా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ క్రీడా పేజీలో మహమ్మద్ అలీ మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాద్దామని కూర్చున్నాను. 'బీపీ పెరుగుతుంది, రెండు రోజులు ఆగండి' అన్నారు ఇంట్లోవాళ్లు. నాలుగు రోజులు ఆగాను. బీపీ తగ్గింది గానీ కోపం తగ్గలేదు.

'అలీ ఓడినవి ఐదే, ఐదూ వయసైపోయాక ఓడినవే' అని మీ విలేకరి ఒక్క ముక్కలో తేల్చేశారు. ఐదు అన్న లెక్క సరే. 1971లో ఫ్రేజియర్, 1973లో నార్టన్, 1978లో స్పింక్స్, 1980లో హోమ్స్, 1981లో బెర్బిక్. నా పేచీ అంతా ఆ రెండో మాటతోనే. ఫ్రేజియర్ చేతిలో ఓడింది 1971 మార్చి 8న. అప్పటికి అలీకి 29 ఏళ్లు. మా ఊళ్లో ఇంకా పెళ్లి సంబంధాలు చూస్తున్న వయసండీ అది. ముప్పై దాటిన క్రికెటర్‌ను 'యువ కెరటం' అని రాసే పేజీలోనే 29 ఏళ్ల బాక్సర్‌కు వయసైపోయింది!

ఇక ఆ ఫొటో. ఫ్రేజియర్ చేతిలో ఓటమి అని కింద రాసి, పైన వేసిందేమిటి? కింద పడున్న మనిషి మీద చేయి మడిచి అరుస్తున్న అలీ. అది 1965 నాటి ఫొటో. కింద పడున్నది సన్నీ లిస్టన్. ఫ్రేజియర్‌తో ఆడిన రోజు పదిహేనో రౌండులో ఎడమ చేతి హుక్ తగిలి వెల్లకిలా పడింది సాక్షాత్తూ అలీయే. పడినవాడిని నిలబెట్టి, ఆ రోజు రింగులోనే లేనివాడిని పడగొట్టారు మీవాళ్లు. ఫొటోలు ఇప్పుడు ఎవరు చూసి వేస్తున్నారో, అసలు ఎవరైనా చూస్తున్నారో లేదో.

మీ విలేకరి చెప్పాలనుకున్నది వేరే అయ్యుండొచ్చు. 1967లో సైన్యంలో చేరనన్నందుకు అలీ టైటిల్ లాక్కున్నారు, మూడున్నరేళ్లు రింగు ఎక్కనివ్వలేదు. 25 నుంచి 28 దాకా, బాక్సర్‌కు బంగారం లాంటి ఏళ్లు. దాన్ని దోపిడీ అనండి, ఒప్పుకుంటాను. వయసైపోయింది అంటే మాత్రం ఒప్పుకోను. 1970 అక్టోబరులో తిరిగొచ్చి, క్వారీని, బొనవెనాను కొట్టి, ఐదు నెలలు తిరక్కుండానే ఫ్రేజియర్ ముందు నిలబడ్డాడు. ఫ్రేజియర్ కూడా అప్పటికి ఓటమి ఎరగడు. అలీ కాళ్లలో మునుపటి చురుకు లేని మాట నిజం, తాళ్లకు ఆనుకుని దెబ్బలు తిన్న మాటా నిజం. కానీ పదిహేను రౌండ్లూ ఆడాడు. రిఫరీ, ఇద్దరు జడ్జీలు, ముగ్గురూ గెలుపు ఫ్రేజియర్‌కే ఇచ్చారు. ఆ రాత్రి అతనిదే పైచేయి. ఇప్పుడు మీరు 'ముసలోడిని కొట్టాడు' అన్నట్టు రాస్తే ఫ్రేజియర్ పడిన కష్టమంతా ఏ గంగలో కలవాలి?

అయినా ఒక్క సంగతి అడుగుతాను. 29కే అయిపోయిన మనిషి 1974లో కిన్షాసాలో, 25 ఏళ్ల ఫోర్మన్‌ను ఎనిమిదో రౌండులో ఎలా పడగొట్టాడు? ఆ ఫోర్మన్ సామాన్యుడా? అంతకుముందు ఏడాదే ఇదే ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేసినవాడు. 1975లో మనీలాలో ఫ్రేజియర్‌ను ఓడించిన సంగతి సరేసరి.

అయిపోవడం అంటే ఏమిటో నేను కళ్లారా చూశాను. 1980 మొదట్లో అలీ మద్రాసు వచ్చాడు. నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో సరదా పోటీ. ఎంజీఆర్ కూడా వచ్చారు. నేనూ, కాలేజీ స్నేహితులు ఇద్దరూ చిత్తూరు నుంచి బస్సులో వెళ్లాం, ఇంట్లో పరీక్ష ఫీజు అని చెప్పి. (మా నాన్న పోయేదాకా ఆ సంగతి ఆయనకు తెలియదు.) గోడమీది బొమ్మల్లో చూసిన మనిషి కోసం వెళితే, పొట్ట ముందుకొచ్చిన పెద్దాయన కనిపించాడు. 'ఏందబ్బా, అలీ అంటే ఇట్లుండాడు?' అన్నాడు మావాడు. అలీ నవ్వాడు, చేతులూపాడు, జనం ఊగిపోయారు. మాకు మాత్రం తిరుగు బస్సులో మాట రాలేదు.

అదే ఏడాది అక్టోబరు 2న ఆ మనిషిని లాస్ వేగాస్‌లో హోమ్స్ మీదికి వదిలారు. అలీకి 38, హోమ్స్‌కు 30. ఒకప్పుడు అలీకి ప్రాక్టీసులో తోడుగా ఆడిన కుర్రాడే హోమ్స్. బరువు తగ్గాలని థైరాయిడ్ మాత్రలు మింగించారు. పోటీకి ముందు మేయో క్లినిక్‌లో పరీక్షలు చేస్తే, ఒంటికాలి మీద సరిగా గెంతలేకపోతున్నాడని, వేలితో ముక్కు తాకమంటే కొంచెం గురి తప్పుతోందని తేలింది. అయినా నెవాడా రాష్ట్ర బాక్సింగ్ అధికారులు లైసెన్సు ఇచ్చేశారు. పదో రౌండు అయ్యాక అలీ కోచ్ డండీ ఇక చాలన్నాడు. గెలిచిన హోమ్స్ ఏడ్చాడు. దీన్నీ ఫ్రేజియర్ పోటీనీ ఒకే వాక్యంలో ఎలా కలిపారండీ?

మా వైపు సంక్రాంతికి పశువుల పండుగ చేస్తారు. కొమ్ములకు పలకలు కట్టి జనంలోకి వదులుతారు. వయసు మీదపడ్డ ఎద్దును ఏ రైతూ వదలడు. బొట్టు పెట్టి, కొట్టంలోనే రెండు అరటిపళ్లు తినిపిస్తాడు. మా రైతుకున్నపాటి ఇంగితం కూడా ఆ అధికారులకు లేకపోయింది. 1977లోనే అలీ బృందంలోని డాక్టర్ ఫెర్డీ పచేకో, మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని అలీకీ, చుట్టూ ఉన్నవాళ్లకూ కాగితాలు పంపాడు. ఎవరూ జవాబివ్వలేదు. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు.

జవాబు రాని కాగితాల సంగతి నన్నడగండి. మా వీధిలో ఒక పిల్లవాడు బాక్సింగ్ నేర్చుకుంటానంటే, ఇక్కడి మైదానానికి తీసుకెళ్లాను. ఒక మూల రింగు ఉంది, తాళ్లు లేవు. గ్లవుజులు ఉన్నాయి, లోపలి దూది బయట ఉంది. కోచ్ గారు డెప్యుటేషన్ మీద వేరే ఊరెళ్లారట, జిల్లా విడిపోయాక ఆయన ఏ జిల్లా మనిషో వాళ్లకే తేలలేదట. ఏడాదిలో రెండు నెలలు ఆ మైదానంలో ఎగ్జిబిషన్, జెయింట్ వీల్, మిరపకాయ బజ్జీలు. మూడుసార్లు అర్జీ ఇచ్చాను. మూడోసారి ఫోనుకు మెసేజ్ వచ్చింది, 'మీ సమస్య పరిష్కరించబడింది' అని. పిల్లవాడు ఇప్పుడు క్యారమ్స్ ఆడుతున్నాడు.

వ్యాసం చివర్లో మేరీ కోమ్‌ను కూడా లాగారు, టోక్యో ఒలింపిక్స్‌లో 38 ఏళ్లకు ఓడింది కాబట్టి. ఆ పోటీలో రెండో రౌండు, మూడో రౌండు గెలిచింది మేరీయే. మొదటి రౌండులో పోగొట్టుకున్నది తిరిగి రాలేదు, 3-2తో పోయింది. అంతకు ఏడాదిన్నర ముందు, 2019 డిసెంబరులో, మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ పట్టుబట్టి ఎంపిక పోటీ (ట్రయల్) అడిగితే, 23 ఏళ్ల ఆ పిల్లను 9-1తో ఓడించింది కూడా ఈ మేరీయే. నిఖత్ తక్కువదా అంటే, 2022లోనూ 2023లోనూ ప్రపంచ చాంపియన్. పుట్టినరోజులు లెక్కపెట్టి రాసేయకుండా, ఎవరు ఎప్పుడు ఎలా ఆడారో చూసి రాయాలి. హోమ్స్ కూడా 1988లో, సరిగ్గా 38 ఏళ్లప్పుడు, 21 ఏళ్ల టైసన్ చేతిలో నాలుగో రౌండులో పడ్డాడు. అది నిజంగా వయసు మీదపడి పడిన దెబ్బ. అదేమో మీ వ్యాసంలో లేనే లేదు.

సవరణ వేస్తారో లేదో తెలియదు. వేస్తే మొన్నటిలాగా ఏడో పేజీలో, టెండరు నోటీసు కింద, భూతద్దం పెట్టి చదివేలా వేయకండి. ఫొటో ఏ పేజీలో పడిందో ఆ పేజీలోనే వేయండి. 'లిస్టన్' అన్న పేరులో 'లి'కి దీర్ఘం లేదు.

ఇట్లు,
నలభై ఏళ్లుగా మీ పేపరు కొంటున్న పాఠకుడు,
చిత్తూరు.