మరుగుదొడ్డి గుంతల గురించి కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

ఊళ్లలో మరుగుదొడ్లు కట్టించారు, సంతోషం. కొన్నిట్లో మాత్రం పిడకలే ఉన్నాయి. "గుంత ఏడాదికే నిండుతుంది, తీసేదెవరు?" అన్న భయమే దీనికి పెద్ద కారణం. నిజానికి ఈ మరుగుదొడ్లకు రెండేసి గుంతలుంటాయి, ఒకసారికి ఒకటే వాడాలి. మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత ఐదుగురున్న ఇంటికి సుమారు మూడేళ్లు వస్తుంది. నిండాక జంక్షన్ చాంబర్‌లో, అంటే మలం ఏ గుంతకు పోవాలో మళ్లించే చిన్న తొట్టిలో, దారి మార్చి రెండో గుంత వాడాలి. మొదటిది రెండేళ్లు మూసి ఉంచితే వాసన లేని ఎరువవుతుంది. అంతకు ముందే పచ్చిగా మనిషితో తీయించడం 2013 చట్టం ప్రకారం నేరం.

చెడేది ఎక్కువగా మేస్త్రీ దగ్గరే. గుంత అడుగున సిమెంటు వేస్తే నీరు ఇంకదు. చాంబర్ మీద గచ్చు పోసేస్తే దారి మార్చే వీలుండదు, రెండు గుంతలూ ఒకేసారి నిండుతాయి. పైగా అక్కర్లేని గాలిగొట్టం ఒకటి! ఇంజనీరు మూత ఎత్తి చూశాకే బిల్లు ఇప్పించండి.

2017లో వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఎరువు తీశారు. గోడల మీది నినాదాలకంటే జనం అలాంటిదే నమ్ముతారు. మండలానికొక పాత గుంతను గ్రామసభ రోజున, అందరి ముందూ తెరిపించండి. గుంత మూసిన తేదీని మూతమీదే పెయింటుతో రాయించండి.

ఇట్లు,
గ్రామ పారిశుద్ధ్య కార్యకర్తలు