సెటప్ చేశామని టిక్ పెట్టి పంపిన గిటార్ గురించి ఫిర్యాదు

నల్గొండ,
17 జూన్ 2025.

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: కొత్త అకూస్టిక్ గిటార్‌లో ఫ్యాక్టరీ సెటప్ (తీగల ఎత్తు, గాడుల లోతు సరిచేసే పని) లోపం గురించి. గిటార్ మార్చి ఇవ్వాలని, లేదా సరిచేయించే ఖర్చు చెల్లించాలని కోరుతూ.

అయ్యా,

మే నెలలో మీ వెబ్‌సైట్‌లో రూ.11,499 పెట్టి ఒక అకూస్టిక్ గిటార్ కొన్నాను. తొమ్మిదో తరగతికి వచ్చిన మా మేనకోడలి కోసం. గిటార్ ఎక్కడా పగల్లేదు, గీత పడలేదు. పాలిష్ బాగుంది, ప్యాకింగ్ ఇంకా బాగుంది. కానీ అది వాయించడానికి పనికిరావడం లేదు. ఈ సంగతి మీ కస్టమర్ కేర్‌కు ఫోన్‌లో చెప్పాను, మెయిల్ కూడా పెట్టాను. కొత్తగా నేర్చుకునేవాళ్లకు వేళ్లు నొప్పి పుట్టడం మామూలేనన్నారు. తర్వాత మీ ఊరి ఎండకు చెక్క కదిలి ఉంటుందన్నారు. చివరికి దగ్గర్లోని టెక్నీషియన్‌కు చూపించుకోమని చెప్పి ఫిర్యాదు మూసేశారు. అందుకే ఈ లేఖ.

నేను సాయంత్రాలు పిల్లలకు గిటార్ నేర్పుతాను. వేళ్ల నొప్పి నాకు కొత్త కాదు. మొదట్లో వేలి కొసలు మండుతాయి, కొన్నాళ్లకు చర్మం గట్టిపడి ఆ బాధ పోతుంది. దానికి ఎవరూ కంపెనీ మీద ఫిర్యాదు చేయరు. ఈ గిటార్‌తో వచ్చిన ఇబ్బంది అది కాదు. ఇందులో మొదటి ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మి) దగ్గర తీగ నొక్కాలంటే నాకే బలం పెట్టాల్సి వస్తోంది. బలం పెట్టి నొక్కినా పలికే స్వరం తప్పు. ఎక్కడా నొక్కకుండా ఓపెన్ తీగలన్నీ ట్యూనర్ పెట్టి శ్రుతి చేశాక, ఆరో తీగను మొదటి ఫ్రెట్‌లో నొక్కితే ముల్లు 20 సెంట్లకు పైనే చూపిస్తోంది. సెంట్ల లెక్కలో ఒక ఫ్రెట్‌కూ పక్క ఫ్రెట్‌కూ తేడా 100. అందులో ఐదో వంతు తప్పిందంటే సంగీతం రానివాళ్లకు కూడా చెవిలో తేడా తెలుస్తుంది. పాప మాత్రం పాపం, తప్పు తనదే అనుకుంది. "మామా, నా వేళ్లకే వస్తలేదేమో" అంది.

సరే, మాటలతో వాదన ఎందుకని కొలిచాను. మా వీధి చివర బైక్ మెకానిక్ దగ్గర టాపెట్లు సెట్ చేయడానికి సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్ ఉంటే అడిగి తెచ్చుకున్నాను. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఎత్తు 3.8 మిల్లీమీటర్లు, మొదటి తీగ ఎత్తు 3.1 మిల్లీమీటర్లు వచ్చింది. మీ వెబ్‌సైట్‌లో ఇదే మోడల్ పేజీలో మీరు రాసుకున్న కొలతలు వరుసగా 2.5, 2. చాలా అకూస్టిక్ గిటార్లకు అటూ ఇటూగా అవే సరైన కొలతలు. తర్వాత నట్ చూశాను, అంటే గిటార్ తల దగ్గర తీగలు గాడుల్లో కూర్చునే చిన్న పట్టీ. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుంటే మొదటి ఫ్రెట్ మీద కాగితమంత సందు మిగిలితే చాలు. ఇందులో దాదాపు అర మిల్లీమీటర్ ఉంది. ఒక తీగకు కాదు, ఆరింటికీ.

అసలు దోషం ఇక్కడే ఉందని తేల్చుకోవడానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. మొదటి ఫ్రెట్‌లో కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్, బిగించాను. కాపో పెడితే నట్‌కు ఇక పని ఉండదు, తీగ నేరుగా ఫ్రెట్ మీదే ఆనుతుంది. మళ్లీ శ్రుతి చేసి, పాపకు కుదరని ఎఫ్ కార్డ్ షేప్‌ను రెండో ఫ్రెట్‌లో పట్టుకోమన్నాను. అంతకుముందు దాకా ఒక్కసారి కూడా సరిగా మోగని ఆ బారె కార్డ్‌ను (ఒకే వేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా వేసి పట్టేది) మా పాప అప్పుడే పట్టింది. ఆరు తీగలూ మోగాయి, శ్రుతి తేడా కూడా దాదాపు పోయింది. వేళ్లూ అవే, తీగలూ అవే. మీ కస్టమర్ కేర్ వాళ్లు ఒకసారి ఈ పరీక్ష చేసి చూసి ఉంటే "ప్రాక్టీస్ చేస్తే వస్తుంది సార్" అనే జవాబు ఇచ్చేవాళ్లు కాదు.

ఫోన్‌లో ఇంకొకరు, పెట్టెలో ఇచ్చిన అలెన్ కీతో నెక్ (గిటార్ మెడ) లోపలి ట్రస్ రాడ్ అనే కడ్డీని తిప్పితే యాక్షన్, అంటే తీగల ఎత్తు, తగ్గుతుందన్నారు. ఈ సలహా మీరు ఎంతమందికి ఇస్తున్నారో గానీ, దయచేసి మానుకోండి. ట్రస్ రాడ్ ఉన్నది తీగలు లాగే బరువుకు నెక్ ఎంత వంగాలో సరిచేయడానికి. మొదటి ఫ్రెట్, పద్నాలుగో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి మధ్యలో చూస్తే ఈ గిటార్‌లో వంపు 0.2 మిల్లీమీటర్లు ఉంది, అంటే నెక్ ఉండాల్సినట్టే ఉంది. ఇంకా బిగిస్తే నెక్ వెనక్కి వంగి మొదటి ఫ్రెట్లలో తీగలు గరగరమంటాయి. నట్ ఎత్తు మాత్రం ఎక్కడికీ పోదు. తెలియనివాళ్లు ఇంకో చుట్టు, ఇంకో చుట్టు అని తిప్పుతూ పోతే రాడ్డే పాడవుతుంది. అప్పుడు వారంటీ చెల్లదని చెప్పేది కూడా మీరే.

ఇక ఎండ సంగతి. నల్గొండ ఎండలు మాకు తెలుసు, మేలో 44, 45 డిగ్రీలు ఇక్కడ వింతేం కాదు. గిటార్ చెక్కకు 45 నుంచి 55 శాతం తేమ ఉంటే మంచిదన్నది నిజమే, మా ఎండాకాలం గాలిలో అంత ఉండదన్నదీ నిజమే. కానీ గాలి పొడిబారితే జరిగేది మీరు చెప్పినదానికి రివర్స్. చెక్కలో తేమ తగ్గితే పైపలక కుంగుతుంది, దాంతో దాని మీద తీగలు బిగించి ఉండే బ్రిడ్జ్ కిందికి దిగుతుంది, తీగలు ఫ్రెట్లకు దగ్గరవుతాయి. పలక ఉబ్బి తీగలు పైకి లేచేది వానాకాలం తేమకు. మీరు గిటార్ పంపింది మేలో. ఎండ వల్ల యాక్షన్ మారి ఉంటే తగ్గి ఉండాలి గానీ పెరగకూడదు. కొరియర్ వ్యాన్‌లో వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేచిందేమోనని అది కూడా చూశాను. బ్రిడ్జ్ వెనక అంచు కింద సన్నటి కాగితం కూడా దూరలేదు, పైపలక మీద స్కేలు నిలబెట్టి చూస్తే ఉబ్బు కూడా లేదు. ఫ్రెట్ల కొసలు మాత్రం బోర్డు పక్కల్లో కొద్దిగా పొడుచుకొచ్చాయి. అది చెక్క కుంచించుకోవడం వల్ల వచ్చింది, ఎండ పనే, దానికి మిమ్మల్ని అనను. నట్ ప్లాస్టిక్. దాని గాడి లోతు ఎండకు తగ్గదు, వానకు పెరగదు. ఫ్యాక్టరీలో ఎంత కోశారో అంతే ఉంటుంది.

ఎందుకు తక్కువ కోస్తారో కూడా నాకు అర్థం కాక కాదు. గాడి లోతు ఒక్క వెంట్రుకవాసి ఎక్కువైతే తీగ ఫ్రెట్‌కు తగిలి బజ్ వస్తుంది, కొన్నవాళ్లు వెంటనే రిటర్న్ పెడతారు, మీరు నట్ మొత్తం మార్చాల్సి వస్తుంది. లోతు తక్కువైతే ఏ చప్పుడూ ఉండదు. నేర్చుకునేవాళ్లకు అది లోపమని తెలియదు, వేళ్లు నొప్పి పుట్టి గిటార్ మూలకు పెట్టేస్తారు. మీ లెక్కల్లో ఆ గిటార్ రిటర్న్ కాలేదు కాబట్టి మంచి గిటారే. సరైన లోతు దాకా ఒక్కో గాడినీ చేత్తో చూసుకుంటూ కోయడానికి పని తెలిసిన మనిషి, కొంత సమయం కావాలి. ఆ ఖర్చు మిగుల్చుకుని మీరు కష్టాన్ని మా వైపు తోశారు. పదకొండు వేల గిటార్‌కు లక్ష రూపాయల గిటార్ మోత రావాలని నేను అడగడం లేదు. చవక చెక్కకు చవక మోత వస్తుంది, అది ఒప్పుకునే కొన్నాను. కానీ గాడి సరైన లోతు కోయడానికి ఖరీదైన చెక్క అక్కర్లేదు కదా.

టెక్నీషియన్‌కు చూపించమన్నారు. ఎక్కడ? నల్గొండలో వాయిద్యాల దుకాణాలున్నాయి. డోలక్, తబలా, కీబోర్డు అమ్ముతారు, కొత్త తీగల సెట్టు అడిగితే ఇస్తారు. డప్పుకు తోలు బిగించేవాళ్లు కూడా ఉన్నారు. గిటార్ నట్ కోసేవాళ్లు మాత్రం నాకు తెలిసి ఒక్కరూ లేరు. సాడిల్, అంటే బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ, అదయితే మా వడ్రంగి అరగదీయగలడు. కానీ పన్నెండో ఫ్రెట్ దగ్గర 1 మిల్లీమీటర్ తగ్గాలంటే సాడిల్ 2 మిల్లీమీటర్లు తగ్గాలి. మీరిచ్చిన సాడిల్ బ్రిడ్జ్ పైన కనిపించేదే 3 మిల్లీమీటర్లు. రెండు తీసేస్తే తీగ దాని మీద గట్టిగా ఆనదు, మోతే చచ్చిపోతుంది. నట్ పనికైతే ఒక్కో తీగ మందానికి సరిపడే సన్నటి ఆకురాళ్లు వేరే కావాలి. ఇవన్నీ ఉన్నచోటు కావాలంటే నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్ పోవాలి. రానూపోనూ రెండు వందల కిలోమీటర్లు. అక్కడ ఒక రిపేర్ షాపులో అడిగితే నట్, సాడిల్, సెటప్ అన్నీ కలిపి రూ.2,200 అవుతుందన్నారు. గిటార్ ధరలో దాదాపు ఐదో వంతు. చొక్కా కుట్టి, గుండీలు పెట్టి, కాజాలు మాత్రం కొన్నవాళ్లనే కోయించుకోమన్నట్టుంది.

పెద్ద నగరాల్లో కొనేవాళ్లకు ఫ్యాక్టరీ సెటప్ ఎలా ఉన్నా పెద్దగా పట్టింపు లేకపోవచ్చు. వాళ్లు ఎలాగూ తమకు కావాల్సినట్టు చేయించుకుంటారు. దేవరకొండలోనో, అచ్చంపేటలోనో, వనపర్తిలోనో ఒక ఇంటర్ కుర్రాడు దాచుకున్న డబ్బుతో మీ గిటార్ తెప్పించుకున్నాడనుకోండి, లేదా చర్చి క్వైర్ కోసం పది మంది చందా వేసుకుని కొన్నారనుకోండి. పెట్టెలోంచి తీసినప్పుడు ఎలా ఉందో ఆ గిటార్ జీవితమంతా అలాగే ఉంటుంది. మీరు చేసిన సెటప్ తప్ప దానికి ఇంకో సెటప్ ఉండదు. ఆన్‌లైన్‌లో ఊరూరికీ అమ్ముతున్నప్పుడు ఆ చివరి పని ఎవరు చేస్తారో కూడా మీరే ఆలోచించాలి.

పెట్టెలో ఒక నాణ్యతా కార్డు వచ్చింది. అందులో యాక్షన్, నట్, ఇంటొనేషన్ (ఫ్రెట్లలో నొక్కినప్పుడు శ్రుతి సరిగా పలకడం), ఫ్రెట్లు అని వరుసగా రాసి, అన్నిటికీ టిక్కులు పెట్టి, కింద సంతకం చేశారు. ఒకే పెన్నుతో, ఒకే ఊపులో పెట్టినట్టున్నాయి టిక్కులు. సంతకం చేసిన కార్మికుడి మీద నాకు కోపం లేదు, ఒక్కో గిటార్‌కు ఎంత సమయం ఇచ్చి ఆ సంతకం చేయించుకున్నారన్నదే నా ప్రశ్న. టిక్కుకు బదులు ఆ గడిలో "3.8" అని అంకె రాయాల్సి వచ్చి ఉంటే ఈ గిటార్ ఫ్యాక్టరీ గేటు దాటేది కాదు.

నేను కోరేది ఇది. ఇదే మోడల్‌లో ఇంకో గిటార్ పంపండి, కానీ పంపే ముందు పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగల ఎత్తు, మొదటి ఫ్రెట్ దగ్గర సందు కొలిచి, ఆ అంకెలు రాసి సంతకం చేసి పంపండి. పాతదాన్ని మా ఇంటి దగ్గరి నుంచే మీ ఖర్చుతో తీసుకుపోవాలి. అలా కుదరకపోతే రిపేర్ షాపు చెప్పిన రూ.2,200తో పాటు రానూపోనూ ఛార్జీలు చెల్లించండి, నేనే చేయించుకుంటాను. "గుడ్‌విల్" కింద తీగల సెట్టు, బ్యాగు పంపుతామని మీ మెయిల్‌లో రాశారు. అవి వద్దు.

ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయిస్తాను. అక్కడా తేలకపోతే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, రూ.5 లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. అయితే అంతదాకా పోవాలని నాకేం సరదా లేదు, పాపకు స్కూళ్లు తెరిచారు, వాయించడానికి గిటార్ కావాలి.

బిల్లు కాపీ, నాణ్యతా కార్డు ఫొటో, ఫీలర్ గేజ్ పెట్టి తీసిన ఫొటోలు, కాపోతోనూ కాపో లేకుండానూ ట్యూనర్ చూపించిన వీడియో జతచేశాను. వీడియోలో వెనక వినిపించే మిక్సీ చప్పుడు మా వంటింట్లోది, గిటార్‌ది కాదు.

ఇట్లు,
మీ గిటార్ కొన్న వినియోగదారుడు,
నల్గొండ.