ఆధార్ లేని పాపకు ఏడో తరగతిలో చోటు ఇప్పించినవారికి

హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు సాయంత్రాలు నా దగ్గర తెలుగు చదువుకునే రోహింగ్యా పాపకు ఈ ఏడాది ప్రభుత్వ పాఠశాలలో ఏడో తరగతి సీటు దొరికింది. హాజరు పట్టీలో పేరు ఎక్కింది. పుస్తకాలిచ్చారు, యూనిఫాం కొలతలు తీసుకున్నారు, మధ్యాహ్నం అందరితో పాటు పంక్తిలో కూర్చుని అన్నం తింటోంది. దీనికి కారణమైనవాళ్లలో సగం మంది ఆ పిల్లను చూడనేలేదు. కొందరు ఢిల్లీలో ఉంటారు. కొందరు ఆ పిల్ల పుట్టకముందే తమ పని తాము చేసి వెళ్లిపోయారు. వాళ్లందరికీ చేరుతుందో లేదో గానీ, నా కృతజ్ఞత నలుగురిలో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పాప పేరు, బడి పేరు రాయడం లేదు. ఎందుకో ఈ రోజుల్లో వివరించనక్కర్లేదు.

వాళ్లది మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం. 1982 నాటి పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలు తాము పుట్టిన దేశంలోనే ఎవరికీ చెందనివాళ్లయ్యారు. 2012లో అక్కడ జరిగిన హింసలో ఇల్లు కాలిపోతే ఈ పాప అమ్మానాన్నలు బంగ్లాదేశ్ మీదుగా బయలుదేరారు. పాప దారిలోనే, అక్కడి శిబిరంలో పుట్టింది. కనుక జనన ధ్రువపత్రం లేదు. తండ్రి పాత సామాన్లు ఏరి అమ్ముతాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క విలువైన కాగితం ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు. బస్తీలో అందరూ దాన్ని యూఎన్ కార్డు అంటారు. ప్లాస్టిక్ కవరులో పెట్టి, బియ్యం డబ్బాలో దాచుకుంటారు.

పాప ఆరో తరగతి దాకా ఒక స్వచ్ఛంద కేంద్రంలో చదివింది. ఉర్దూ గడగడా మాట్లాడుతుంది, లెక్కల్లో చురుకు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం బడుల్లో తెలుగు తప్పనిసరి కాబట్టి, పెద్దబడికి వెళ్లేలోగా తెలుగు నేర్పించమని వాళ్లమ్మ నా దగ్గరికి తీసుకొచ్చింది. నేను ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పండితురాలిగా చేసి రిటైరయ్యాను. గుణింతాలు దాటి గేయాల్లోకి వచ్చేసరికి ఆ పిల్ల మీద నాకు మమకారం పెరిగిపోయింది.

ప్రవేశానికి వెళ్తే ఆధార్ అడిగారు. లేదంటే, ఆన్‌లైన్ నమోదులో ఆ గడి నింపకుండా ముందుకు పోదన్నారు. మరో బడిలోనూ అదే మాట. ఎవరూ కసురుకోలేదు, దురుసుగా మాట్లాడలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మంచివాళ్లే, కానీ చేతులు కట్టేసినట్టు కూర్చున్నారు.

అప్పుడు బస్తీలో శరణార్థుల కోసం పనిచేసే ఒక సంస్థ కార్యకర్త నన్ను ఒక యువ న్యాయవాది దగ్గరికి తీసుకెళ్లింది. అమ్మా, మీకు నా మొదటి నమస్కారం. నేను కోపంగా వచ్చాను, మీరు నెమ్మదిగా విన్నారు. కోర్టుకు వెళ్దామా అంటే వద్దన్నారు. "టీచర్ గారూ, మనం గొడవ పెట్టుకోవడానికి రాయడం లేదు. రేపు పైనుంచి ఎవరైనా అడిగితే హెడ్‌మిస్ట్రెస్ గారు చూపించుకోవడానికి ఒక కాగితం ఉండాలి. అది మనమే ఇద్దాం" అన్నారు. అన్నేళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేసిన నాకు ఈ మాట ఎంత నిజమో వెంటనే తెలిసింది. కింది ఉద్యోగికి చాలాసార్లు మనసు లేక కాదు, అండ లేక పని ఆగిపోతుంది.

ఆ ఉత్తరం రెండు పేజీలు. ప్రతి వాక్యం వెనక ఒకరి ఏళ్ల తరబడి శ్రమ ఉంది. రాజ్యాంగంలోని 21-ఎ అధికరణం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య ఇవ్వమంటోంది, పౌరుల పిల్లలకు మాత్రమే అనలేదు. 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదన్న కారణంగా ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించకూడదు. 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఇక అసలు చిక్కుముడి ఆధార్. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ కేసులో తీర్పు చెబుతూ, బడిలో ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి కాదని స్పష్టంగా చెప్పింది. చదువు ప్రభుత్వం దయతో ఇచ్చే సబ్సిడీ కాదు, పిల్లల హక్కు అన్నది అందులోని తర్కం. 2025 ఫిబ్రవరిలో రోహింగ్యా పిల్లల గురించే వేసిన కేసులో, వాళ్లు నేరుగా ప్రభుత్వ బడులకు వెళ్లి అడగవచ్చని, నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు అంది. 1992లో మన దేశం అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలో శరణార్థి పిల్లల కోసం 22వ అధికరణం ఉందని కూడా చివర్లో చేర్చారు.

ఉత్తరం తీసుకుని మండల విద్యాధికారి దగ్గరికి వెళ్లాం. ఆయన రెండుసార్లు చదివి, "ఇది నా దగ్గర ఒక కాపీ ఉంచండి, ఇంకొకరికి పనికొస్తుంది" అన్నారు. సార్, ఆ ఒక్క మాటకు మీకు వేరే కృతజ్ఞతలు. పాపను చేర్చుకున్న ప్రధానోపాధ్యాయురాలు మరునాడే హాజరు పట్టీ తెరిచారు. మేడం, మీరు ఆమెను ముందు బెంచీలో కూర్చోబెట్టారని విన్నాను.

ఇదంతా అయ్యాక, ఆ ఉత్తరంలోని ఆధారాలు వెతికి ఇచ్చిన పరిశోధకురాలితో ఫోన్లో మాట్లాడాను. ఢిల్లీలో శరణార్థుల విధానాల మీద పనిచేస్తుందట. మన తెలుగమ్మాయే, గుంటూరు వైపు. ఆ అమ్మాయి చెప్పింది విన్నాక ఈ రంగంలో ఎంత ఓపిక కావాలో అర్థమైంది. మన దేశం 1951 శరణార్థుల ఒడంబడిక మీద సంతకం చేయలేదు. శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. 1997లో జస్టిస్ పి.ఎన్. భగవతి ఆధ్వర్యంలో ఒక నమూనా చట్టం తయారైంది, 2015లో శశి థరూర్ లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు, ఏదీ చట్టం కాలేదు. కాబట్టి ఇక్కడ శరణార్థికి ఏ చిన్న రక్షణ దొరికినా అది ఒక కేసుగానో, ఒక సర్క్యులర్‌గానో, ఒక అధికారిని ఒప్పించడంగానో విడివిడిగా దొరికిందే. 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో జాతీయ మానవ హక్కుల సంఘమే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 21వ అధికరణం ఇచ్చే ప్రాణరక్షణ పౌరులు కానివారికీ వర్తిస్తుందని ఆ తీర్పు గట్టిగా చెప్పింది. 2021 మేలో మణిపూర్ హైకోర్టు, మయన్మార్ నుంచి ప్రాణభయంతో వచ్చిన ఏడుగురిని ఢిల్లీకి వెళ్లి శరణార్థుల సంస్థను ఆశ్రయించనివ్వమంది. ఆ పిటిషన్ వేసింది మానవ హక్కుల న్యాయవాది నందితా హక్సర్.

అన్నీ గెలుపులే కావు. ఆ ఏడాదే ఏప్రిల్‌లో జమ్మూలో నిర్బంధంలో ఉన్న రోహింగ్యాలను విడిచిపెట్టమన్న అర్జీని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చట్టం చెప్పిన పద్ధతి పాటించకుండా పంపించవద్దని మాత్రం అంది. "ఆ ఒక్క వాక్యం పట్టుకునే తర్వాత పనిచేస్తున్నాం టీచర్ గారూ" అంది ఆ అమ్మాయి. ఓడిపోయిన తీర్పులో కూడా పనికొచ్చే వాక్యం కోసం వెతికే మనుషులు వీళ్లు. అమ్మా, నీకు నా ఆశీస్సులు.

నా సొంత విషయం ఒకటి చెప్పాలి. మాది శ్రీకాకుళం జిల్లా. మా తాతగారు రంగంలో కూలీపనికి వెళ్లినవారు. ఇప్పటివాళ్లకు రంగం అంటే తెలియదు గానీ, మా వైపు బర్మాలోని, అంటే నేటి మయన్మార్‌లోని, రంగూన్‌ని అలాగే అనేవాళ్లం. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులతో పాటు ఆయనా నడిచి వచ్చేశారు. చాలామంది దారిలోనే పోయారు. ఆయన నడిచిన దారి ప్రోమ్ నుంచి కొండలు దాటి అరకాన్ తీరం మీదుగా చిట్టగాంగ్‌కు. అరకాన్ అంటే నేటి రఖైన్, ఈ పాప వాళ్ల ఊరున్న నేల. ఆ ఊళ్లలోవాళ్లు గంజి పోశారని ఆయన చెప్పేవారట, మా నాన్న ద్వారా విన్నాను. అయితే మా తాతకూ ఈ పాప నాన్నకూ ఒక పెద్ద తేడా ఉంది. మా తాత నడిచి చేరాల్సిన ఊరు ఒకటుంది, అక్కడ ఆయన పేరు తెలిసినవాళ్లున్నారు. తర్వాత 1960లలో బర్మా నుంచి తిరిగి వచ్చినవాళ్లకు ప్రభుత్వం పునరావాసం కల్పించింది. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. రోహింగ్యాకు తిరిగి వెళ్లే దారి ఇవాళ లేదు. అందుకే వీళ్ల తరఫున మాట్లాడేవాళ్లు మరింత అవసరం.

ఇప్పుడు దుబాసీ బాబు గురించి. ఆ అబ్బాయి కూడా రోహింగ్యానే, ఇరవై ఏళ్లు దాటి ఉంటాయేమో. పాప తల్లిదండ్రుల మాటలను మాకూ, మా మాటలను వాళ్లకూ చేర్చింది అతనే. యూఎన్ కార్డు రావాలంటే ముందు పేరు నమోదు, తర్వాత విచారణ. ఎందుకు పారిపోయి వచ్చారో, ఎవరిని పోగొట్టుకున్నారో ఒక అధికారి ముందు వివరంగా చెప్పాలి. తేదీలు, ఊళ్లు సరిపోవాలి. ఎన్నో కుటుంబాల కోసం ఆ కథలను ఇతనే ఒక్కో వాక్యంగా అనువదించాడు. తన ఊరు కాలిన సంగతి ఇంకొకరి నోటి నుంచి విని, తడబడకుండా ఇంకో భాషలో చెప్పాలి. నివేదికల్లో దుబాసీల పేర్లు రావు. బాబూ, నీ పేరు నేనూ రాయలేకపోతున్నాను. కానీ ఈ పని అంతటిలో అందరికన్నా బరువు మోసింది నువ్వే అని నా నమ్మకం. మీ అమ్మకు కూడా ఈ మాట చెప్పు.

ఈ మనుషుల మీద ఇప్పుడు వేరే దెబ్బ పడుతోంది. 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లు విడిచినవాళ్లు 12 కోట్లు దాటారు. 2025లో నిధులు కోతపడి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వేల ఉద్యోగాలు తీసేసింది. నన్ను న్యాయవాది దగ్గరికి తీసుకెళ్లిన కార్యకర్త జీతం కూడా సగం నెలల్లో ఆలస్యంగా వస్తోందట. అడిగితే నవ్వి మాట మార్చింది. తల్లీ, నీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియడం లేదు.

"మన పిల్లలకే దిక్కులేదు, వీళ్లెందుకు" అని మా వీధిలో ఒకరిద్దరు అన్నారు. వాళ్లకు నేను చెప్పింది ఇదే. ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చే కూలీల పిల్లల దగ్గరా కాగితాలుండవు. పాలమూరు నుంచి వలసపోయే కుటుంబాల పిల్లలకు టీసీలు అందవు. ఏ సెక్షన్ ఈ పాపకు తలుపు తీసిందో, అదే వాళ్లకూ తీస్తుంది. మీ వీధిలో అలాంటి పిల్లలుంటే విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్, 2018 ఆధార్ తీర్పు అని కాగితం మీద రాసి బడికి తీసుకెళ్లండి. వినకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, పిల్లలకు అక్కడ న్యాయసహాయం ఉచితం.

విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల దాకానే. తొమ్మిది, పది తరగతులకు ఆ గొడుగు ఉండదు. పదో తరగతి పరీక్షకు మళ్లీ ఏ కాగితాలు అడుగుతారోనని న్యాయవాది ఇప్పటి నుంచే వివరాలు సేకరిస్తున్నారు. పాప ఈలోగా వేమన పద్యాలు కంఠస్థం చేస్తోంది. ఆ ఫైలు కోసం నేను ఏం రాయాలన్నా, ఎక్కడికి రావాలన్నా ఒక్క ఫోన్ చేయండమ్మా, వస్తాను.