2021–22 వార్షిక నివేదిక: పెన్న వరదలో మనం చేసింది, చేయలేకపోయింది

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా వినాయక చవితి పందిరితో మొదలయ్యే మన సంఘం నివేదిక ఈసారి నవంబరుతో మొదలవుతోంది. ఎందుకో మన నెల్లూరు జిల్లా కోవూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు.

19వ తేదీ శుక్రవారం, కార్తీక పౌర్ణమి. ఆ ఉదయమే కడప జిల్లాలో చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఆ నీళ్లు పెన్నలో కలిసి సోమశిలకు చేరాయి. 78 టీఎంసీల జలాశయం, వానలకు ముందే నిండి ఉంది. కిందికి వదిలిన నీరు 5 లక్షల క్యూసెక్కులు దాటింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. జాతీయ రహదారి కోసుకుపోయి లారీలు బారులు తీరాయి.

మన వనభోజనాలు 21వ తేదీ ఆదివారానికి పెట్టుకున్నాం. బియ్యం, చింతపండు, నూనె అప్పటికే కొన్నాం. షామియానా వారి గంగాళాలు హాల్లో దించి ఉన్నాయి. శనివారం రాత్రి ఇంకో మాట లేకుండా పొయ్యి వెలిగించాం. తెల్లారేసరికి పులిహోర పొట్లాలు సిద్ధం.

అంతవరకు బాగానే ఉంది. ఇక్కడి నుంచి మన తప్పులు.

పొట్లాలు ట్రాక్టర్‌లో వేసుకుని రోడ్డు పట్టుకుని వెళ్లాం. ఆ రోజు రోడ్డు మీదికి వచ్చిన ప్రతి సంఘమూ అదే పని చేసింది. అందరిదీ పులిహోరే. ఆగిపోయిన లారీ డ్రైవర్లు మాత్రం ఆప్యాయంగా తిన్నారు. ఉత్తరాది నుంచి వచ్చిన ఒకాయన పులుపుకు మొహం చిట్లించి, ఆనక రెండో పొట్లం అడిగాడు. రోడ్డు పక్క ఇళ్లకు మూడేసి సార్లు అందింది. పొర్లుకట్ట (ఏటి వరదకు అడ్డంగా వేసిన గట్టు) వెంబడి లోపలికి ఉన్న గిరిజన కాలనీకి మేం చేరేసరికి మధ్యాహ్నం దాటింది, మిగిలిన పొట్లాలు పులిశాయి.

అక్కడ ఒక పెద్దామె పొట్లం విప్పి, వాసన చూసి, మడిచి మా చేతికే ఇచ్చింది. "అన్నం మేం వండుకుంటాం నాయనా. కట్టెలన్నీ తడిసిపొయ్యుండాయి, గిన్నెలు ఏట్లో పొయ్యినాయి. పొయ్యి ముట్టించే దారి చూపించండి" అంది. ప్రభుత్వం ఇచ్చే బియ్యం ఒకటి రెండు రోజుల్లో వస్తుందని ఆమెకు తెలుసు. వచ్చినా ఎందులో వండాలి, దేంతో వండాలి?

మర్నాడు కట్టెల అడితికి వెళ్లి ఎండు కట్టెలు వేయించుకున్నాం. ఒక్కో ఇంటికి ఒక కట్ట, రెండు అల్యూమినియం గిన్నెలు, గరిటె, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అగ్గిపెట్టెలు. ఏడాది మొత్తంలో మనం పెట్టిన ఖర్చుల్లో ఇంతకంటే సార్థకమైంది లేదని కార్యవర్గం అభిప్రాయం. కోశాధికారి గారు రసీదు లేని కట్టెల బిల్లు మీద ఆడిటర్‌తో పడ్డ పాట్లు వేరే కథ.

బట్టల సంగతి నిక్కచ్చిగా రాయాలి. మన కాలనీలో సేకరించిన మూటల్లో చిరిగినవి, పిన్నీసులు పెట్టినవి, ఒక పెళ్లికోటు కూడా ఉన్నాయి. ఏరితే పనికొచ్చేవి సగం కూడా తేలలేదు. మిగతావి చెత్త బండి ఎక్కించడానికి మళ్లీ మన మనుషులే కావలసి వచ్చారు. ఇకపై సంఘం పాత బట్టలు తీసుకోదు. కొత్త తువ్వాళ్లు, లుంగీలు, నైటీలు ఇవ్వండి, లేదా డబ్బివ్వండి. శానిటరీ ప్యాడ్ల మాట మన మహిళా సభ్యులు వెళ్లేదాకా ఒక్కరికీ తట్టలేదు. మగవాళ్లను అక్కడి ఆడపిల్లలు ఎలా అడుగుతారు?

ఇంకొకటి. మన కుర్రాళ్ల జేబులకు 'వాలంటీర్' అని బ్యాడ్జీలు కుట్టించాం. దాంతో ఎక్కడికెళ్లినా "మా పింఛను ఎప్పుడొస్తది, రేషన్ కార్డు నీళ్లల్లో పోయింది, కొత్తది ఇస్తారా" అని చుట్టుముట్టారు. అప్పట్లో ఇంటింటికీ పింఛన్లు తెచ్చిచ్చే సచివాలయం వాలంటీర్లమని అనుకున్నారు పాపం. రెండో రోజే బ్యాడ్జీలు పీకేశాం. అయితే ఆ గందరగోళంలోంచే ఒక పని పుట్టింది. ఆధార్, రేషన్ కార్డులు పోయినవాళ్ల వివరాలు ఒక నోటుబుక్కులో రాసుకుని సచివాలయంలో ఇచ్చివచ్చాం. ఇళ్లలో మోకాలి లోతు బురద ఎత్తిపోయడం, బావుల్లో బ్లీచింగ్ కలపడం వారంపాటు సాగాయి. ఫోటోలకు పెద్దగా పనికిరాని పనులు కాబట్టి ఆ వారంలో వచ్చినవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు సభలో చెబుతాం.

చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. వీధి దీపాల అర్జీ ఇంకా నడుస్తోంది.

వనభోజనాల చందా వరద ఖాతాకు మళ్లించినందుకు సభ్యుల ఆమోదం కోరుతున్నాం. వచ్చే ఏడాది నుంచి అక్టోబరులోనే గిన్నెలు, టార్పాలిన్లు, బ్లీచింగ్ హాలు వెనక గదిలో సిద్ధం చేసి, పొర్లుకట్ట వైపు కాలనీల ఇళ్ల జాబితా ముందే రాసిపెట్టుకోవాలని ప్రతిపాదన. లోపలి ఇళ్లకు ముందు, రోడ్డు పక్కవాటికి తర్వాత.

ఖర్చుల పట్టికలో 'గంగాళం – 1' అని ఒక పద్దు కనిపిస్తుంది. షామియానా వారికి దాని ఖరీదు కట్టాం. అది పోలేదు, గిరిజన కాలనీలోనే ఉంది. డిసెంబరులో వెళ్లినప్పుడు అందులో గంజి కాగుతోంది. తిరిగి అడగకూడదని కార్యవర్గం తీర్మానించింది.

ఇట్లు,
కార్యదర్శి