ఏప్రిల్ 14న రోల్ కాల్ పెట్టించండి: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయ రాష్ట్ర హోం శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ లీడింగ్ ఫైర్‌మ్యాన్ కూతురు నమస్కరించి రాస్తున్నది.

నా చిన్నప్పుడు మా గుమ్మం పక్కన నాన్న గమ్‌బూట్లకి ఒక చోటుండేది. రాత్రి బెల్ మోగితే కాళ్లు నేరుగా దూర్చేసి పరిగెత్తడానికి వీలుగా, మడమలు లోపలికి, ముందు వైపు వీధిలోకి తిప్పి పెట్టేవారు. పొద్దున ఆ బూట్లలో నీళ్లు పెరట్లో వంపడం అమ్మ పని. నీళ్ల మీద తెట్టె కడితే డీజిలనీ, మసిగా ఉంటే పూరిళ్లనీ చెప్పేసేది. నాన్న మాత్రం తిన్నాకే నోరు విప్పేవారు.

ఏటా అగ్నిమాపక వారోత్సవాల మొదటి రోజు, ఏప్రిల్ 14న, మా దగ్గర్లోని స్టేషన్‌కి ఇప్పటికీ వెళ్తారాయన. పూలదండ, రెండు నిమిషాల మౌనం, ప్రసంగం. నేనూ నాలుగైదుసార్లు వెళ్లాను. "అమరులు" అన్న మాట చాలాసార్లు వినపడింది, ఒక్క పేరు వినపడలేదు. ఇంటికొచ్చాక నాన్న విసుక్కుంటారు: "రోజూ డ్యూటీ ఎక్కేటప్పుడు రోల్ కాల్ ఉంటుందమ్మా. పోయినవాళ్లకి అదీ లేదా?"

ఆ తేదీ ఎందుకొచ్చిందో మీకు తెలియంది కాదు. 1944లో బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకుంది. ఒకే ఓడలో పత్తి బేళ్లు, దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు! ప్రమాదకరమైన సరుకుందని చెప్పే ఎర్రజెండా కూడా దాని మీద లేదు. ఫైర్ సిబ్బంది నీళ్లు కొడుతూనే ఉన్నారు. సాయంత్రం 4 దాటాక ఓడ పేలిపోయింది. వాళ్లలో 66 మంది చనిపోయారు.

మాదీ ఓడరేవు ఊరే కదండీ. 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీలో ఎల్‌పీజీ అంటుకుని దాదాపు 60 మంది పోయారు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకై, పక్కనున్న ఆర్ఆర్ వెంకటాపురం జనం ఊపిరాడక రోడ్ల మీద పడిపోయాకే ఆ రసాయనం పేరు, స్టైరీన్ అన్న మాట, మాలో చాలామందికి తెలిసింది. 2023 నవంబర్‌లో ఫిషింగ్ హార్బర్‌లో దాదాపు 40 బోట్లు తగలబడ్డ రాత్రి, బోట్లలోని గ్యాస్ సిలిండర్లు పేలుతున్నా ఫైర్ వాళ్లు వెళ్లాల్సి వచ్చింది.

నాన్న సర్వీసులో ఒకసారి మంటల్లో ఉన్న గోడౌన్ దగ్గరికి వెళ్లి, లోపల ఏముందని వాచ్‌మన్‌ని అడిగితే "ఏవో డ్రమ్ములు సార్" అన్నాడట. నీళ్లు కొట్టాలా, ఫోమ్ కొట్టాలా? నీళ్లు తగిలితే ఇంకా మండే రసాయనాలూ ఉంటాయి. ఆ "ఏవో"ని నమ్ముకుని లోపలికి వెళ్లారు. బతికొచ్చారు, అదృష్టం.

అందుకే రెండు అడుగుతున్నాను. విశాఖలో ప్రతి ఫైర్ స్టేషన్ బల్ల మీద, ఆ పరిధిలోని ఏ గోడౌన్‌లో, ఏ ఫ్యాక్టరీలో ఏ సరుకు ఎంతుందో రాసిన కాగితం ఉండాలి, నెలనెలా మారాలి. ఎప్పుడో రాసి బీరువాలో పెట్టిన ఫైలు పనికిరాదు. స్మారక స్తూపం కట్టించినా సంతోషమే గానీ, ముందు ఈ కాగితం.

రెండోది, రోల్ కాల్. మన రాష్ట్రంలో విధి నిర్వహణలో చనిపోయిన ఫైర్ సిబ్బంది పేర్లు, వాళ్ల స్టేషన్ పేరుతో సహా, ఏప్రిల్ 14న ప్రతి స్టేషన్‌లో వరసగా చదవాలి. డ్రైవర్లనీ హోంగార్డులనీ వదలొద్దు. ప్రసంగాలు కాస్త తగ్గిస్తే టైం సరిపోతుంది.

వచ్చే ఏడాది కూడా నాన్నని తీసుకొస్తాను. ఆయనకి ఈమధ్య సరిగ్గా వినపడటం లేదు, పేర్లు మైకులో చదివించండి.

ఇట్లు,
ఒక ఫైర్‌మ్యాన్ కూతురు, విశాఖపట్నం