తాబేలు దడిలో ఏం నాటాలంటే

ఒరేయ్ శీనూ,

మొత్తానికి మీ చాండ్లర్ ఇంటికి తాబేలు వస్తోందన్నమాట! అరిజోనా గేమ్ అండ్ ఫిష్ (రాష్ట్ర వన్యప్రాణి శాఖ) వాళ్ల దగ్గర సొనోరన్ ఎడారి తాబేలుని దత్తత తీసుకుంటున్నావని చదివి ఎంత సంతోషమేసిందో. దడి లోపల ఏ మొక్కలు వెయ్యాలని అడిగావు కదా, ముందు ఏవి పీకెయ్యాలో చెప్తాను. నాటడం తర్వాతి సంగతి.

మీ వెనక గోడ వెంట ఉన్న గన్నేరు తలుచుకుంటేనే నాకు టెన్షన్. ఫీనిక్స్ చుట్టుపక్కల ఎక్కడ చూసినా అదే. ఆకు, పువ్వు, కాడ అన్నీ విషమే, నేరుగా గుండె మీద పనిచేస్తుంది. ఎండి రాలిన ఆకులోనూ విషం పోదు. మీ వైపు కొట్టేసినా వానాకాలం గాలికి పక్కింటి ఆకులు ఎగిరొచ్చి పడతాయి. అందుకే దడి ఆ గోడకి దూరంగా, ఇంటికి తూర్పు వైపు కట్టు. సాయంత్రం ఎండ కూడా తగలదు.

ఇంకోటి జాగ్రత్త. అచ్చం మన వేపలా ఉండే చైనాబెర్రీ చెట్టు అక్కడ ఉంటుంది. వేపే కదా అని వదిలెయ్యకు, దాని కాయలు విషం. లాంటానా, ఉమ్మెత్త, ఆముదం, సాగో పామ్ కూడా ఉండకూడదు.

ఇక నాటేవి. నేలంతా గరిక వెయ్యి. బెర్ముడా గడ్డి పేరుతో సంచుల్లో అమ్మేది మన వినాయకుడి గరికే. మందు పూయని విత్తనం అడిగి తీసుకో. అక్కడక్కడ గ్లోబ్ మాలో పెట్టు. నారింజ రంగు పూల ఎడారి మొక్క, దాని ఆకూ పువ్వూ రెండూ తాబేలు తింటుంది. నీడకి డెజర్ట్ విల్లో చెట్టు బాగుంటుంది, రాలిన పూలు ఏరుకుని మరీ తింటుంది. ముళ్లు లేని నాగజెముడు తప్పకుండా ఉండాలి. మట్ట కోసి, కోసిన చోటు నీడలో ఎండి గట్టిపడ్డాకే నాటు, లేదంటే కుళ్లిపోతుంది.

మందారం కూడా మంచిదే. మా తాబేలుకి పువ్వు కనిపిస్తే చాలు, మెడ ఇంత పొడుగు సాచి, రేకుని ముక్కుతో పట్టి, ముంగాలితో తొక్కిపెట్టి లాగుతుంది. మూతంతా ఎర్రగా అయిపోతుంది, చూడ్డానికి ఎంత ముద్దొస్తుందో! కాకపోతే నర్సరీ మందారానికి వేరు నుంచి ఆకుల్లోకి ఎక్కే పురుగుమందు వేసి ఉంటారు. కడిగితే పోదు. మట్టి మార్చి, కొన్ని నెలలు దడి బయటే పెంచి, కొత్త చిగుళ్లు బాగా వచ్చాక లోపల పెట్టు.

లేత మొక్కల చుట్టూ రాళ్లు పేర్చు, వేళ్లు పట్టేలోపే తొక్కేస్తుంది. పాలకూర రోజూ వెయ్యొద్దని అమ్మకి చెప్పు, అందులోని ఆక్సలేట్లు కాల్షియం ఒంటికి పట్టనివ్వవు. ఏ కారణం చేతైనా తాబేలుని ఎడారిలో మాత్రం వదలకూడదు. పెంపుడు వాటి ఊపిరితిత్తుల జబ్బు అడవిలో వాటికి అంటుకుంటుంది.

వచ్చే శనివారం టూసాన్ నుంచి మేం వస్తున్నాం. నాగజెముడు మట్టలు నేనే తెస్తాను, కొనకు. ఈలోపు పెరడు నాలుగు మూలలూ ఫోటోలు తీసి పంపు, పేరు తెలియని మొక్క ఏదున్నా దగ్గర నుంచి తియ్యి.

నీ
రవి